తాళిలో పగడం, తొట్టెలో పగడం

“అప్పా, తొట్టె కొన్నాం, మోటారు కొన్నాం, ఉప్పు బకెట్టు కొన్నాం. అన్నీ కలిపినా అంత అవ్వలేదు గానీ లైటొక్కటీ ముప్పై వేలంటున్నారు. మీ మరిది ఊరుకోడు, గుంటడేమో ఆ పగడాల తొట్టెల వీడియోలు చూస్తూ అన్నం మానేశాడు. ఏటి సెయ్యమంటావు?” అని శ్రీకాకుళం నుంచి ఒక చెల్లి అడిగింది. విజయనగరం చెల్లిదీ ఇంచుమించు ఇదే గోల. కాకపోతే అక్కడ పట్టుబట్టింది డిగ్రీ చదివే ఆడపిల్ల. పిల్లల్ని విశాఖ బీచ్ రోడ్డు మత్స్యదర్శినికి తీసుకెళ్లి అద్దాల వెనక రంగు చేపల్ని చూపించిన పాపానికి ఇలాంటివి ఇంటిదాకా వస్తాయి మరి.

ముందు స్థిమితపడు. ముప్పై వేల దీపం నీకు అక్కర్లేదు. ఎందుకక్కర్లేదో చెప్పాలంటే నీ మెళ్లో ఉన్నదాని దగ్గర మొదలెట్టాలి.

నీ తాళి పక్కన నల్లపూసల మధ్య రెండు పగడాలు గుచ్చి ఉన్నాయి చూడు. కుజుడికని ఉంగరంలో పెట్టించుకునేదీ ఆ జాతే. నగల్లోకి పేరుపడ్డ ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో పుడుతుంది. గుహల్లో, రాతి చూరుల కింద, వెలుగు సరిగ్గా చేరని లోతుల్లో పెరుగుతుంది. దానికి దీపంతో పనిలేదు. నీళ్లలో కొట్టుకొచ్చే సన్నటి తిండి పట్టుకుని తినేసి ఊరుకుంటుంది. గుంటడు వీడియోల్లో చూసి మనసు పడ్డ పగడం అది కాదు. అది వెలుగు మీద బతికే రకం. దాని ఒంట్లో కంటికానని పాచి కణాలు కాపురముంటాయి, వాటిని జూజాంథెల్లీ అంటారు. వెలుగు పడితే అవి చక్కెర తయారుచేసి, అందులో చాలా భాగం తాముంటున్న పగడానికే ఇచ్చేస్తాయి. ఒంట్లోనే వంటిల్లు పెట్టుకున్న జీవి అనుకో, వెలుగే దాని గ్యాసుబండ. బండ ఖాళీ అయితే పస్తు. మంట మరీ ఎక్కువైతే ఇంకా ప్రమాదం. ఆ పాచిని పగడమే బయటికి నెట్టేసి తెల్లగా పాలిపోతుంది.

“మరి మన కళింగపట్నంలో, బారువలో, భావనపాడులో ఎండకేం తక్కువ? అక్కడ పగడపు దిబ్బలు ఎందుకు లేవు?” అని నువ్వు అడగాలి. అడిగావనే అనుకుంటున్నాను. కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి సముద్రంలో కలుస్తున్నాయి. పైన ఒడిశాలో మహానది, కింద మన గోదావరి. వానాకాలం వచ్చిందంటే ఈ నదుల నీళ్లు సముద్రపు ఉప్పుని పలచన చేస్తాయి, ఒండ్రు తెచ్చి పోస్తాయి. ఆ బురదనీళ్లలో వెలుగు అడుగుదాకా దిగదు, దిగినచోట మట్టి పేరుకుని పగడాన్ని కప్పేస్తుంది. అందుకే మన దేశంలో పెద్ద దిబ్బలన్నీ మన్నార్ గల్ఫ్, కచ్ గల్ఫ్, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌ల దగ్గరే ఉన్నాయి. అలాగని మన వైపు పగడమే లేదనకు. విశాఖ దిగువన పూడిమడక తీరంలో పగడాలున్నట్టు జూలాజికల్ సర్వే వాళ్లు గుర్తించారు. విశాఖ రాతి ఒడ్డున పోటు తీసినప్పుడు గుంటల్లో జోయాంథిడ్లనే మెత్తని పగడాలు కూడా కనిపిస్తాయి. వాటిని చూసి రావడమే, పీక్కురావడం కాదు.

ఇందులో నీ తొట్టెకి పనికొచ్చే సంగతి ఒకటుంది. చేపల తిండి మిగిలి, నీళ్లు మార్చక, లేత పసుపు రంగుకి తిరిగిన నీళ్లు అన్నిటికంటే ముందు నీలం వెలుగునే మింగేస్తాయి. పగడానికి కావలసిందేమో ఆ నీలమే. కాబట్టి పెద్ద లైటు గురించి ఆలోచించే ముందు ఒక తెల్ల ప్లాస్టిక్ గిన్నెలో తొట్టె నీళ్లు పోసి, పక్కన ఇంకో గిన్నెలో మంచినీళ్లు పోసి చూడు. తేడా తెలుస్తోందంటే ఫిల్టర్లో యాక్టివేటెడ్ కార్బన్ సంచీ ఒకటి వెయ్యి, నీళ్లు కొంత మార్చు. ఉన్న లైటే ఎక్కువ పనిచేస్తుంది.

దీపం సంగతి తర్వాత, ముందు చట్టం చెప్పనీ. ఇది దాటేసి షాపుకి పరిగెత్తొద్దు. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, నిప్పు పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోకి వచ్చాయి. పులి ఉన్న షెడ్యూలే అది. మన సముద్రంలోంచి వాటిని తీసినా, అమ్మినా, కొన్నా నేరమే. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలుంది. “లైవ్ రాక్” అని గులాబీ రంగు రాళ్లు అమ్ముతారు చూశావా, వాటిలో చాలావరకు చచ్చిన పగడమే, దిబ్బ నుంచి విరగ్గొట్టిందే. “ఎవరు చూస్తారు లెద్దూ” అనే వ్యాపారులు ఉంటారు. జైలుకెళ్లాల్సి వస్తే వాడు తోడు రాడు. పింగాణీతో చేసిన రాళ్లు, ఎండిన సున్నపురాళ్లు దొరుకుతాయి. వాటి మీదే మేలు చేసే బాక్టీరియా నెమ్మదిగా పడుతుంది, కాస్త ఓపిక కావాలి అంతే.

మరి తొట్టెలో ఏం పెట్టుకోవాలి? మెత్తని పగడాలు. పుట్టగొడుగు పగడం, జోయాంథిడ్లు, తోలు పగడం. వీటికి రాతి ఎముక ఉండదు, ఆ షెడ్యూల్లో వీటి పేర్లు లేవు. అయినా బిల్లు అడుగు, సరుకు ఎక్కడిదో అడుగు. తొట్టెలో ముక్క కోసి పెంచిన పిలక అయితే మరీ మంచిది. క్లౌన్ చేప కావాలంటే అదీ తొట్టెలో పుట్టినదే అడుగు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు వాటిని గుడ్డు నుంచి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. అందరూ పగడం ఎంచుకుని దానికి తగ్గ దీపం కోసం అప్పు చేస్తారు. నువ్వు తిరగేసి చెయ్యి. నీ డబ్బుకి ఏ దీపం వస్తుందో చూసుకుని, దానికి తగ్గ పగడాన్ని తెచ్చుకో. మెత్తని పగడాలు తక్కువ వెలుగుతో సంతోషంగా బతికే జాతి. చట్టం వద్దన్న గట్టి పగడాల్లో కొమ్మలు కొమ్మలుగా పెరిగే రకాలు ఉన్నాయే, ఆ ఖరీదైన లైట్లన్నీ ప్రధానంగా వాటికోసం పుట్టినవి. మనకి వాటితో పనే లేనప్పుడు ఆ లైటెందుకు?

కొంచెం లెక్క చెబుతా, విసుక్కోకు. పగడానికి పనికొచ్చే వెలుగు ఎంత పడుతోందో చెప్పే కొలతని ‘పార్’ అంటారు. మిట్టమధ్యాహ్నం సముద్రపు పైనీటి మీద అది 2000 దాకా ఉంటుంది. తొట్టెలో కొమ్మ పగడాలకి 200 నుంచి 350 ఇస్తారు. జోయాంథిడ్లకి, తోలు పగడానికి 70 నుంచి 150 సరిపోతుంది. పుట్టగొడుగు పగడమైతే 30 నుంచి 80 మధ్య హాయిగా పరుచుకుని కూర్చుంటుంది. ఇవి తొట్టెలు పెంచేవాళ్లు అనుభవం మీద పెట్టుకున్న అంకెలు, శిలాశాసనాలు కావు. కానీ తేడా చూశావు కదా, ఎక్కడ 300, ఎక్కడ 50!

దీంతో పాటు తొట్టె లోతు. లోతుకి వెళ్లేకొద్దీ వెలుగు తగ్గుతుంది. రెండడుగుల లోతు తొట్టె అడుగున ఉన్న పగడానికి వెలుగు చేర్చాలంటే పెద్ద లైటు కావాలి. పద్నాలుగు అంగుళాల లోతైతే చిన్నదే చాలు. ఇంకా తొట్టె చేయించకపోతే అద్దాల షాపతనికి రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, పద్నాలుగంగుళాల ఎత్తు చెప్పు. ఇంచుమించు వంద లీటర్లు పడుతుంది. నిలువుగా, సన్నగా ఉండే తొట్టె హాల్లో అందంగా కనిపిస్తుంది గానీ కరెంటు బిల్లుకి శత్రువు. చెయ్యిపెట్టి అడుగు తుడవాలన్నా భుజం దాకా మునగాలి.

రంగు మాట. నీళ్లలో ఎరుపు మొదటి పది మీటర్లలోనే ఇంచుమించు ఆరిపోతుంది, నీలం మాత్రం లోపలికి పోతుంది. ఆ నీలంలోనే యుగాలుగా బతికిన పగడం పాచి దాన్నే బాగా వాడుకుంటుంది. 420 నుంచి 480 నానోమీటర్ల నీలం దానికి ప్రాణం. 450 దగ్గరి ముదురు నీలాన్ని షాపుల్లో ‘రాయల్ బ్లూ’ అంటారు. ఇంట్లో వాడే తెల్ల ఎల్‌ఈడీ కూడా లోపల నీలం చిప్పే, దాని మీద పసుపు పూత పూసి తెలుపు చేస్తారు. అందులో నీలం కొంత ఉంటుంది, మిగిలినదంతా పసుపూ ఆకుపచ్చా. దాంతో పగడం బతుకుతుంది, పక్కనే పచ్చటి నాచు ఇంకా హుషారుగా బతుకుతుంది. అందుకని రెండు పాళ్లు నీలం, ఒక పాలు తెలుపు ఉండేలా చూసుకో.

బజారులో నీకు కనిపించేవి ఇవి. మంచినీటి మొక్కల తొట్టె లైటు చూపించి “ఇదీ అదీ ఒకటే మేడం” అంటారు. ఒకటి కాదు. అందులో మొక్కల కోసం ఎరుపు దట్టిస్తారు, మన తొట్టెలో అది నాచుకి విందు. రిమోట్ నొక్కితే పదహారు రంగులు మారే స్ట్రిప్ లైటు పైడితల్లి పండక్కి గుమ్మానికి కట్టుకో, తొట్టెకి వద్దు. ఆరుబయట పెట్టే ముప్పై వాట్ల తెల్ల ఫ్లడ్ లైటు, పక్కన ఒక నీలం ఫ్లడ్ లైటు కలిపి పెట్టేవాళ్లున్నారు. పుట్టగొడుగు పగడాలకి అది నిజంగానే పనిచేస్తుంది. చూడ్డానికి పెళ్లిపందిరి సామానులా ఉంటుందని మీ అత్తగారు అంటే అననీ.

తర్వాతది నల్ల పెట్టె. చైనా నుంచి వస్తుంది, పేరు లేదు, పెట్టెకి పేరెందుకు. 55 దీపాలుంటాయి, నీలం తెలుపు విడివిడిగా తగ్గించుకోవచ్చు. మీద 165 వాట్లని రాసి ఉంటుంది. ఒక్కో దీపం మూడు వాట్లని గుణించి వేసిన అంకె అది. నిజానికి గోడ ప్లగ్గు దగ్గర 110, 120 వాట్ల దగ్గరే ఆగుతుంది. మోసమనుకుని బాధపడకు, మన చిన్న తొట్టెకి అదే ఎక్కువ. సగానికి తగ్గించి పెట్టుకోవాలి. రేడియన్, కెసిల్ లాంటి పేరున్న లైట్లు నిజంగా మంచివే. ఫోన్‌తో తెల్లవారడం, పొద్దుకూకడం కూడా చేయించొచ్చు. పదుల వేల రూపాయలు పెట్టి పుట్టగొడుగు పగడానికి సూర్యోదయం చూపించాలని నీకుంటే నేను అడ్డురాను.

సొంతంగా లైటు చేయించుకునే వాళ్లకి ఇంకో దారి. మీ వీధిలో టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసే కుర్రాడుంటాడు. మూడు వాట్ల ఎల్‌ఈడీ పూసలు పన్నెండు తెప్పించు. ఎనిమిది రాయల్ బ్లూ, నాలుగు తెలుపు. రెండడుగుల అల్యూమినియం పట్టీ మీద వరసగా, వేడి పీల్చే పేస్టు పూసి బిగించి, 600 నుంచి 700 మిల్లీయాంపుల డ్రైవర్ పెట్టమను. ఇరవై ఏడు వాట్లకి అటూ ఇటూ తింటుంది. పట్టీ పొడుగునా వెలుగు సమానంగా పడుతుంది. ఆ పట్టీ చేత్తో ముట్టుకుంటే కాలేంత వేడెక్కుతోందంటే ఇంకా మందంగా ఉన్నది కావాలని అర్థం. చిన్న కంప్యూటర్ ఫ్యాన్ పెట్టినా సరే.

ఇక్కడ రెండు మాయలు చెప్పాలి. వీడియోల్లో పగడాలు నియాన్ బోర్డుల్లా మెరుస్తుంటాయి కదా, అది పగడం ఒంట్లోని ప్రోటీన్లు నీలం వెలుగు పీల్చుకుని ఆకుపచ్చగా, నారింజగా తిరిగి వెదజల్లడం. నిజమైన మెరుపే. కానీ వ్యాపారి మిగతా లైట్లన్నీ ఆర్పి, నీలం ఒక్కటే వేసి, ఫోనుకి నారింజ ఫిల్టర్ తగిలించి తీస్తాడు. “తెల్ల లైటు కింద ఒక వీడియో పంపండి” అని అడుగు. అప్పుడు కనబడే గోధుమ రంగే దాని రోజువారీ మొహం. రెండో మాయ ఫోన్లో వెలుగు కొలిచే యాప్. అది మన కంటికి ఎంత వెలుగుగా ఉందో చెబుతుంది, పగడానికి కాదు. మన కన్ను ముదురు నీలాన్ని పెద్దగా పట్టించుకోదు కాబట్టి నీలం లైటు కింద ఆ యాప్ బాగా తక్కువ చూపిస్తుంది. అది నమ్మి లైటు పెంచుకుంటూ పోయావా, పగడం మాడిపోతుంది. గది చీకటిగా ఉంది, ఇంకా పెంచు అని మీ ఆయన అన్నా ఇదే జవాబు చెప్పు.

కరెంటు బిల్లు భయం కూడా తీర్చేస్తాను. అరవై వాట్ల లైటు రోజుకి తొమ్మిది గంటలు వెలిగితే నెలకి పదహారు యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయల శ్లాబులో ఉన్నావనుకో, వంద రూపాయల లోపే. ఒకప్పుడు ఈ తొట్టెలకి వాడిన మెటల్ హాలైడ్ దీపం 250 వాట్లది అయితే అదే తొమ్మిది గంటలకి నెలకి అరవై ఏడు యూనిట్లు తినేది, పైగా నీళ్లని కాగబెట్టేది. ఎవరైనా “పాత లైటు, ఊరికే ఇచ్చేస్తా” అంటే ఇదేనేమో చూసుకో. ఆ ఊరికే వచ్చింది నెలనెలా బిల్లులో కనబడుతుంది.

వేడి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మన వైపు ఎండలు తెలుసు కదా. తొట్టె నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల్లో ఉంటే మంచిది. 30 దాటి రోజుల తరబడి ఉంటే పగడం పాలిపోవడం మొదలెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయనగరం డాబా ఇంట్లో పైగదిలో తొట్టె పెట్టావంటే పట్టపగలు అదే జరుగుతుంది. నీటిమీద గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెడితే నీళ్లు ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. అయితే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. తగ్గిన మేరకి ఉప్పునీళ్లు కాదు, ఆర్‌వో మంచినీళ్లే పొయ్యి, లేకపోతే తొట్టె రోజురోజుకీ ఉప్పగా అయిపోతుంది. ఒడ్డున ఉక్కపోత ఊళ్లలో ఈ ఫ్యాన్ కిటుకు అంతగా పారదు, గాల్లోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి. అప్పుడు చేయాల్సింది లైటు తగ్గించడం. పగడాన్ని పాలిపోయేలా చేసేది వేడి, వెలుగు రెండూ కలిసి. నీళ్లు వేడెక్కిన వారం లైటుని సగం చెయ్యి, గంటలు కుదించు. పైసా ఖర్చులేని మందు ఇది, చాలామంది చెప్పరు.

కరెంటు పోతే? “లైటు లేక పగడాలు చచ్చిపోతాయా అప్పా” అని కంగారు పడేవాళ్లే ఎక్కువ. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మనం మరిచిపోలేం. అలాంటప్పుడు పగడాలు రెండు మూడు రోజుల చీకటిని తట్టుకుంటాయి. నాచు పట్టిన తొట్టెని కావాలనే మూడు రోజులు దుప్పటి కప్పి ఉంచేవాళ్లున్నారు, పగడాలకి ఏమీ కాదు. తట్టుకోలేనిది గాలి లేకపోవడం. నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లోనే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అందుకని ఇన్వర్టర్ మీద లైటు పెట్టకు, మోటారు పెట్టు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉంచు. తుపాను హెచ్చరిక వచ్చిందంటే కొవ్వొత్తులతో పాటు ఆ పంపు బ్యాటరీలూ తెచ్చుకో. కరెంటు వచ్చాక లైటుని ఒకేసారి పూర్తిగా వేయకుండా, మొదటి రెండు రోజులు సగంతో మొదలెట్టు.

టైమర్ మాత్రం తప్పనిసరి. మీ ఇంట్లో ఎవరికీ రోజూ ఒకే వేళకి లైటు వేసే ఓపిక లేదు, నాకు తెలుసు. ఎనిమిది తొమ్మిది గంటలు చాలు, అంతకు మించితే పెరిగేది నాచే. చక్రం తిరిగే చవక టైమర్ కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోతుంది. మన కోతలకి వారం తిరిగేసరికి అర్ధరాత్రి పగడాలకి మధ్యాహ్నమవుతుంది. లోపల చిన్న బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకో. లైటు సాయంత్రం అందరూ ఇంట్లో ఉండే వేళకి పడేలా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పది దాకా పెట్టుకోవచ్చు, పగడానికి మన గడియారంతో పనిలేదు.

ఉప్పు, కరెంటు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఇంకొక్క జాగ్రత్త. లైటు వైరు తొట్టె పై నుంచి నేరుగా ప్లగ్గుకి వెళ్లకుండా, కిందికి ఒక వంపు తిరిగి మళ్లీ పైకి వెళ్లేలా వదులు. జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించు, ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. పండక్కి రెండు చీరలు తగ్గించుకున్నా పర్లేదు, ఇది మాత్రం వాయిదా వేయకు. లైటు అద్దం మీద తెల్లటి ఉప్పు పొర పడుతుంటుంది. లైటు ఆపి, ప్లగ్గు తీసి, తడిగుడ్డతో తుడుస్తుండు. ఆ పొర ఉంటే వెలుగు తగ్గుతుంది, మెల్లగా లోపలి సర్క్యూట్ కూడా తుప్పుపడుతుంది.

కొత్త పగడం తెచ్చాక లైటు కింద నేరుగా పెట్టకు. తొట్టె అడుగున, పక్కగా పెట్టి, లైటు మూడో వంతుతో మొదలెట్టి వారానికి కొంచెం కొంచెం పెంచు. ఎంత చాలు అన్నది మీటరు కొనకపోయినా పగడమే చెబుతుంది, చూసే కళ్లుండాలి. జోయాంథిడ్లు కాడలు సాగదీసుకుని మెడలెత్తి పైకి చూస్తున్నాయంటే వెలుగు చాలడంలేదు. రాతికి అంటుకుని పొట్టిగా, తెరుచుకోకుండా బిగుసుకుపోతే ఎక్కువైంది. పుట్టగొడుగు పగడం వెలుగు నచ్చితే అరచేతి వెడల్పు పరుచుకుంటుంది. ఎక్కువైతే అంచులు ముడుచుకుంటుంది. అప్పటికీ నువ్వు పట్టించుకోకపోతే, రాయి వదిలేసి నీళ్లలో తేలి నీడ ఉన్నచోటికి తనే పోతుంది. నిజం, అలా వెళ్లిపోతుంది. లైటు పడ్డాక జోయాంథిడ్ల గుంపు ఒక్కొక్కటిగా విచ్చుకోవడం ఒకసారి కాఫీ తాగుతూ చూడు. ముందు మధ్యలో చిన్న చీలిక, తర్వాత చుట్టూ వెంట్రుకల్లాంటివి బయటికొస్తాయి, ఆఖర్న మధ్యలో రంగు చక్రం బయటపడుతుంది. ఒకటి రెండు మాత్రం పొద్దెక్కినా లేవవు, మీ గుంటడి జాతి.

జోయాంథిడ్లు పెట్టినప్పుడు పిల్లలున్న ఇంట్లో ఇది తప్పక గుర్తుంచుకో. వాటిలో కొన్నింట్లో, ముఖ్యంగా పాలీథోవా అనే రకంలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. చేతికి కోత ఉంటే ముట్టుకోవద్దు, గ్లౌజులు వేసుకో, కళ్లు నలపకు, తర్వాత సబ్బుతో కడుక్కో. ఆ రాళ్లని శుభ్రం చేద్దామని మరిగించడం, వేడినీళ్లు పొయ్యడం అసలు వద్దు. ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలు విదేశాల్లో ఉన్నాయి. గుంటడికి ముందే చెప్పు, వాడు తొట్టెలో చెయ్యి పెట్టకుండా ఉంటాడని నేను నమ్మను.

ఎక్కడ కొనాలంటావా? విశాఖలో చూడు, లేదంటే హౌరా – చెన్నై లైను మన ముంగిట్లోంచే పోతోంది. కోల్‌కతాలో గాలిఫ్ స్ట్రీట్ ఆదివారం సంత ఉంది, చెన్నైలో కొళత్తూరు అంతా రంగు చేపల దుకాణాలే. లైటు అయితే ఆన్‌లైన్లో తెప్పించుకోవడమే నయం, పగడం మాత్రం కళ్లతో చూసి కొనాలి. ఎక్కడికెళ్లినా తొట్టె లోతు అంగుళాల్లో రాసుకుని వెళ్లు. లోతు ఎంత, లోపల ఏ పగడం పెడుతున్నారు అని అడగకుండానే ఎన్ని వాట్లు కావాలని అడిగే షాపులో లైటు కొనకు. అక్కడ మేత కొనుక్కుని వచ్చేయ్.